ఉప్పునీళ్ల సూది

మా ఆయన యజ్ఞనారాయణ తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. రిటైరయ్యారని ఆఫీసువాళ్లు దండ వేసి చెప్పారు గానీ, ఆయన నమ్మినట్టు లేదు. ఇప్పటికీ కూరగాయల బండి దగ్గర త్రాసు ముల్లు నిటారుగా నిలబడేదాకా వంకాయలు వెయ్యనివ్వరు. హఫీజ్‌పేట్‌లోని డయాలసిస్ సెంటర్‌కు మొదటిసారి వెళ్లిన రోజున, పేషెంట్ల బరువు చూసే మిషను ఒక పక్కకు ఒరిగి ఉందని టెక్నీషియన్ సంతోష్‌తో పేచీ పెట్టుకున్నారు. దాని కింద అట్టముక్క పెట్టించి, రెండుసార్లు సరిచూసి, అప్పుడు ఎక్కారు. కిడ్నీలు పాడై వచ్చిన మనిషిలా లేరు, తనిఖీకి వచ్చిన మనిషిలా ఉన్నారు. అందరూ మా వంకే చూస్తుంటే నేను సిగ్గుతో తలెత్తుకోలేకపోయాను.

ఆ హుషారు ఎంతోకాలం నిలవలేదు. వారానికి మూడు పొద్దులు ఆ కుర్చీలో పడుకోవడం, ఒంట్లో రక్తమంతా మిషనులోకి వెళ్లి శుభ్రపడి తిరిగి రావడం, ఇంటికొచ్చి పిండేసిన బట్టలా మంచం మీద వాలడం. తాగే నీళ్లకు కొలత, తినే ఉప్పుకు కొలత. ఊరందరి కొలతలు చూసిన మనిషికి తన గ్లాసు నేను కొలిచి ఇవ్వడం కష్టంగా ఉండేది. ఒకరోజు మా ప్రగతి నగర్ చెరువు గట్టు మీద నడుస్తూ ఆగిపోయి, "ఇంక నేను ఎవరికి పనికొస్తానే అమ్మణ్ణీ? నన్ను మొయ్యడమే మీ అందరికీ పనైపోయింది," అన్నారు. ఆయన నోట అంత చిన్నమాట నేనెప్పుడూ వినలేదు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. కోపమే పైకి కనిపించనిచ్చాను.

సెంటర్‌లో మాది పొద్దుటి బ్యాచ్. ఆయన పక్క కుర్చీ ఎల్లేశంది. హఫీజ్‌పేట్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, బాలానగర్‌లో ఇనుము చెక్కే లేత్ మిషను మీద జీవితమంతా పనిచేశాడు. వాళ్లావిడ రుక్కమ్మ, నేను బయట బెంచీ మీద పక్కపక్కనే కూర్చునేవాళ్లం. మాది తణుకు, ఆమెది ఇక్కడే. మొదట్లో ఆమె మాట నాకు, నా మాట ఆమెకు సగమే అర్థమయ్యేది. మొగుళ్ల మీద చాడీలకు మాత్రం భాష అడ్డం రాలేదు. లోపల వాళ్లిద్దరి వరస వేరు. ఎల్లేశం జోకులు వేస్తాడు, మా ఆయన వాటిని సరిదిద్దుతారు. ఒకరు రాని రోజు రెండోవాళ్లకు తోచదు.

వాళ్లకు ఎదురు కుర్చీలో సీతాబాయి అని ఒకావిడ ఉండేది. మంచి మాటకారి. ఒక సోమవారం మిషను మీద ఉండగానే వణుకు పట్టుకుంది, జ్వరం వచ్చింది. చర్మం మీద మామూలుగా ఉండే బాక్టీరియా ఒకటి సూది గుచ్చిన చోటునుంచి రక్తంలోకి దిగిందన్నారు. స్టాఫ్ అంటారట దాన్ని. మనలాంటి వాళ్లకు గోకితే పుండు చేసి ఊరుకుంటుంది, డయాలసిస్ మనిషికి మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఆమె తిరిగి రాలేదు. ఆ కుర్చీలో కూర్చోవడానికి చాలా రోజులు ఎవరూ ఒప్పుకోలేదు.

ఆ తర్వాతే డాక్టర్ నవ్య మా బ్యాచ్‌ను కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పింది. ఆ బాక్టీరియాకు ఒక కొత్త టీకా తయారవుతోంది. డయాలసిస్ వాళ్ల మీద అది పనిచేస్తుందో లేదో దేశంలో చాలాచోట్ల పరీక్షిస్తున్నారు, ఇష్టమైతే చేరవచ్చు. చేరినవాళ్లలో సగంమందికి అసలు టీకా, సగంమందికి ఉత్త ఉప్పునీళ్లు. ఎవరికి ఏది పడిందో పరీక్ష పూర్తయ్యేదాకా సూది వేసిన సిస్టర్‌కూ తెలియదు, డాక్టర్‌కూ తెలియదు. అప్పుడే రెండు రకాలవాళ్లనూ నిజాయితీగా పోల్చి చూడగలరు.

మా ఆయన మీకు ప్రయోగాల ఎలుకలా కనిపించారా అని నేను అడిగేశాను. డాక్టరమ్మ నొచ్చుకోలేదు. ఓపిగ్గా మళ్లీ మొదటినుంచి చెప్పి, ఎప్పుడు వద్దనుకున్నా మానుకోవచ్చంది. నేను ఇంకో ప్రశ్న వెయ్యబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపారు.

"నేను చేరతానండీ," అన్నారు. "సీతాబాయి గారికి లేనిది రేపు వచ్చేవాళ్లకైనా ఉండాలి కదా."

చెరువు గట్టు మీద విన్న గొంతు కాదది. తనిఖీకి దుకాణం మెట్లెక్కే రోజుల్లోని గొంతు.

సారు వేసుకుంటే నేనూ వేసుకుంటానన్నాడు ఎల్లేశం. సూది వేయించుకున్న రోజున బయటికొస్తూ, "ఇంట్ల రుక్కమ్మ పప్పుల చిటికెడు ఉప్పెయ్యదు, గుక్కెడు నీళ్లియ్యదు. గీడ జూస్తే రెండూ కలిపి సూదిల పెట్టి ఇస్తున్రు," అని బెంచీల మీద ఉన్నవాళ్లందర్నీ నవ్వించాడు.

ఆ సాయంత్రమే మా ఆయనకు సూది వేసిన భుజం నొప్పి పుట్టింది. మూలుగుతూ ఉంటే కాపడం పెట్టనా అని అడిగాను. వద్దన్నారు. అది నొప్పి కాదట, రుజువట. తనకు పడింది అసలు మందేనట. మర్నాడు ఎల్లేశానికి ఫోన్ చేసి భుజం ఎలా ఉందని అడిగారు. నాకేం నొస్తలేదు, మంచిగున్నదన్నాడు అతను. ఈయన ఫోన్ పెట్టేసి, పాపం ఎల్లేశానికి ఉప్పునీళ్లు పడ్డాయి అని తేల్చేశారు. మా అమ్మాయి ఉమాశ్రీ హైటెక్ సిటీలో మందుల పరీక్షల లెక్కలు చూసే కంపెనీలో పనిచేస్తుంది. నొప్పిని బట్టి ఏదీ చెప్పలేం నాన్నా, సూది గుచ్చితే ఎవరికైనా నొప్పి రావచ్చు అని అది ఎంతో చెప్పింది. ఆయన వినలేదు. ఆయన త్రాసు ముల్లు ఒకసారి నిలబడిందంటే ఇంక కదలదు.

మనిషి మాత్రం మారిపోయారు. నాకు కవచం ఉంది, వాడికి లేదు, వాణ్ణి నేనే కాపాడుకోవాలి అనే ఆలోచన బుర్రలో దూరింది. డయాలసిస్ వాళ్లకు ఒక చేతిలో రక్తనాళాలు కలిపి కుడతారు. దాన్ని ఫిస్టులా అంటారు. మిషనుకు పెట్టే సూదులు అక్కడే గుచ్చుతారు. కుర్చీ ఎక్కేముందు ఆ చేతిని సబ్బుతో మోచేతి పైదాకా కడుక్కోవాలని గోడ మీద బొమ్మలతో సహా రాసి ఉంది. చదివేవాళ్లెవరు? మిషను ఎంత త్వరగా ఎక్కితే అంత త్వరగా దిగవచ్చు. కొందరు కుళాయి కింద చెయ్యి ఆడిస్తారు, కొందరు అదీ లేదు.

మా ఆయన వాష్‌బేసిన్ పక్కన నిలబడటం మొదలుపెట్టారు. మొదట ఎల్లేశం కోసమే. తర్వాత, ఎవరికి ఉప్పునీళ్లు పడ్డాయో ఎవరికి తెలుసని, అందరి కోసం. చొక్కా చేతులు మడిచి, సబ్బు ఎలా పట్టాలో ముందు తను చేసి చూపించి, ఒక్కొక్కరి చేత చేయించేవారు. మా బ్యాచ్‌లోనే డయాలసిస్‌కు వచ్చే, మాదాపూర్‌లో ఆఫీసు ఉన్న తేజ, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మీటింగ్‌లో మాట్లాడుతూనే చెయ్యి తడిపి వెళ్లబోతే, మళ్లీ వెనక్కి రప్పించారు. మీటింగ్‌లో ఉన్నానంకుల్ అంటే, నీ మీటింగ్‌లో వాళ్లకూ వినపడనీ అని గట్టిగా చెప్పారట. ఎల్లేశం ఆయనకు సబ్బు ఇన్‌స్పెక్టరు అని పేరు పెట్టాడు. పేరైతే పెట్టాడు గానీ, అందరికంటే ముందు బుద్ధిగా కడుక్కునేదీ అతనే.

నెలలు గడిచాయి. మా బ్యాచ్‌లో ఒక్కరికీ వణుకు రాలేదు, జ్వరం రాలేదు. సీతాబాయి కుర్చీలో కొత్తవాళ్లు వచ్చి కూర్చున్నారు. మంచం మీద వాలే మనిషి ఇప్పుడు సెంటర్‌నుంచి వచ్చి, ఇవాళ ఫలానావాళ్లు మోచెయ్యి వదిలేశారు అంటూ నాకు రిపోర్టు చెప్పేవారు. నేను వేళాకోళం చేసేదాన్ని గానీ, రుక్కమ్మ దగ్గర మాత్రం ఆయన గురించి గొప్పలే చెప్పేదాన్ని.

ఒక ఆదివారం ఉమాశ్రీ భోజనానికి వచ్చింది. ఆయన తన బేసిన్ ప్రతాపం చెబుతుంటే నవ్వుతూ, "బాగానే ఉంది నాన్నా. కానీ ఉప్పునీళ్లు పడ్డవాళ్లకు కూడా జబ్బు రాకపోతే, మందు పనిచేసిందని తెలిసేదెలా?" అంది.

అది సరదాకే అంది. ఆయన కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. ఏమైందని అడిగితే ఆకలి లేదన్నారు. ఆ రోజంతా బాల్కనీలో కూర్చుని చెరువు వైపు చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు పొద్దున్నే క్యాబ్‌లో వెళ్తుంటే బయటపడ్డారు. "దుకాణంవాడు త్రాసు మీద వేలు పెట్టి నొక్కితే కేసు రాసేవాణ్ణి. ఇప్పుడు నేనే వేలు పెట్టానే. పనికొస్తానని చేరి, పరీక్షనే పాడుచేశాను," అన్నారు. ఇవాళ్టినుంచి బేసిన్ దగ్గరకు వెళ్లననీ, ఎవరి ఇష్టం వాళ్లదనీ అన్నారు. ఆయన మళ్లీ చెరువు గట్టు మీది మనిషైపోతున్నారని నాకు తెలిసిపోయింది.

అన్నట్టుగానే ఆ రోజు బేసిన్ దగ్గర తన చెయ్యి తను కడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. ఆయన మిషను ఇంకా సిద్ధం కాలేదు. ఎల్లేశం ఆలస్యంగా వచ్చాడు. మనవడి సైకిల్ చెయిన్ జారిపోతే ఎక్కించి వస్తున్నానని, చేతికంటిన గ్రీజు తుండుగుడ్డతో తుడుచుకుంటూ లోపలికి పోయాడు. బేసిన్ దగ్గర ఎవరూ లేరు. అటూ ఇటూ చూసి, నేరుగా వెళ్లి కుర్చీ ఎక్కాడు. మా బ్యాచ్‌లో కడుక్కోకుండా కుర్చీదాకా వచ్చినవాళ్లు చాలాకాలంగా లేరు కాబట్టి సంతోష్ కూడా అడగలేదు. గుచ్చే చోట స్పిరిట్ దూదితో తుడిచి, సూది చేతిలోకి తీసుకున్నాడు.

నేను అద్దాల తలుపు బయటనుంచి చూస్తున్నాను. మా ఆయన ఎల్లేశం చేతి వంక చూశారు. గోడ మీది బొమ్మల వంక చూశారు. మళ్లీ ఆ చేతి వంక చూశారు. ఆయన లోపల ఏం జరుగుతోందో ఇన్నేళ్లు కాపురం చేసినదాన్ని, నాకు తెలియదా? ఊరుకుంటే పరీక్షకు మంచిదని ఒక పక్క, పక్కన ఉన్నది ఎల్లేశం అని ఒక పక్క. తలుపు తోసుకుని నేనే లోపలికి పోదామనుకున్నాను.

"ఆగు సంతోష్," అని ఆయన లేచి నిలబడ్డారు.

ఎల్లేశాన్ని రెండో చెయ్యి పట్టుకుని లేపి బేసిన్ దగ్గరకు నడిపించుకొచ్చారు. ఈసారి చెప్పి చేయించడం లేదు, తనే సబ్బు తీసుకుని వేలి సందులనుంచి మోచేతి పైదాకా రుద్దుతున్నారు. చంటిపిల్లాడికి నీళ్లు పోసినట్టు కడుగుతుంటే బేసిన్‌లో నల్లటి నీళ్లు పారాయి.

"ఏంది సారూ, ఇయ్యాల డ్యూటీకి లేటయినవ్?" అన్నాడు ఎల్లేశం నవ్వుతూ.

"పరీక్ష పోతే పోయింది," అన్నారాయన, తలెత్తకుండా. "నువ్వు ఉండాలయ్యా."

ఎల్లేశానికి సంగతి అర్థం కాలేదు గానీ నవ్వు ఆగిపోయింది. నా పక్కన నిలబడి చూస్తున్న రుక్కమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

డయాలసిస్ అయ్యాక ఆయన నన్ను వెంటబెట్టుకుని డాక్టరమ్మ గదికి వెళ్లారు. చేసిన నేరం ఒప్పుకునేవాడిలా నిలబడి, అందరి చేతులూ కడిగించింది తనేననీ, ఇకముందూ కడిగిస్తాననీ, అందువల్ల పరీక్ష పాడవుతుంది కాబట్టి తన పేరు తీసెయ్యమనీ చెప్పారు. ఆవిడ ముందు ఆశ్చర్యపోయింది, తర్వాత కూర్చోమంది. మందు పడ్డవాళ్లూ ఉప్పునీళ్లు పడ్డవాళ్లూ అందరూ ఒకేలా కడుక్కున్నప్పుడు త్రాసు ఏ పక్కకూ ఒరగదని వివరించింది. జబ్బులు తగ్గితే తేడా తేలడానికి ఎక్కువమంది, ఎక్కువకాలం కావాలి. అది పరీక్ష చేసేవాళ్లు చూసుకోవాల్సిన విషయం. దేశంలో ఇంకా ఎన్నో సెంటర్లున్నాయి.

"పేషెంట్లకు జ్వరం రావాలని మేం ఎదురుచూడటం లేదండీ," అంది. "అక్కడ మీరు చేస్తున్నది మేం చెయ్యాల్సిన పని. సాయంత్రం బ్యాచ్‌వాళ్లకు కూడా ఒకరోజు వచ్చి చూపిస్తారా?"

ఆర్డరు కాగితం ఇస్తారా అని ఆయన అడిగారు. నేను చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. మరుసటి వారంనుంచి సెంటర్‌లో అన్ని బ్యాచ్‌లకూ సబ్బు ఇన్‌స్పెక్టర్లు తయారయ్యారు. అందరికీ ట్రైనింగ్ మా ఆయనదే.

పరీక్ష పూర్తవడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఒక రోజున డాక్టర్ నవ్య మళ్లీ అందర్నీ కూర్చోబెట్టింది. ఈసారి భార్యల్ని, పిల్లల్ని కూడా రమ్మన్నారు. టీకా కొంత పనిచేసింది, అనుకున్నంత కాదు. కొన్ని నెలలు కాపాడి తర్వాత బలం తగ్గిపోతోందని తేలింది. ఇప్పుడు దాన్ని ఇంకా గట్టిపరిచి రెండో పరీక్ష పెడుతున్నారట. అంతా చెప్పి, ఎవరికి ఏది పడిందో ఒక్కొక్కరికీ చెప్పడం మొదలుపెట్టింది.

ఎల్లేశానికి అసలు టీకా. మా ఆయనకు ఉప్పునీళ్లు.

కవచం ఉందనుకుని ఇన్నాళ్లూ ఆ బేసిన్ దగ్గర అందరికీ ముందు నిలబడ్డ మనిషి ఒంట్లో ఏమీ లేదన్నమాట. ఆయన్ను కాపాడింది ఆయన సబ్బే. అంతకంటే ఎక్కువగా నన్ను భయపెట్టింది ఇంకొకటి. పనికొచ్చానన్న ఒక్క మాట మీద ఈ మనిషి లేచి తిరుగుతున్నాడు. ఇప్పుడు ఆ మాట పోతే, నేను ఏ మాటతో లేపాలి?

ఆట పట్టించడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకని ఎల్లేశం కూడా తల దించుకున్నాడు. "నాకు పడ్డది నీకు పడ్తే బాగుండు సారూ," అన్నాడు చివరికి.

మా ఆయన సూది వేసిన భుజాన్ని ఒకసారి తడుముకున్నారు. ఆ నొప్పి గుర్తొచ్చిందేమో. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగారు.

"ఉప్పునీళ్లు పడ్డవాళ్లం లేకపోతే, ఈ మందు ఎంత పనిచేసిందో మీకు తెలిసేదాండీ?"

"తెలిసేది కాదండీ. దేంతో పోల్చి చూస్తాం?"

ఆయన వెన్ను నిటారుగా అయింది. "అయితే ఎల్లేశం, నువ్వు సరుకువి. నేను తూనికరాయిని," అన్నారు. "ముప్పయ్యేళ్లు నేను చూసింది సరుకును కాదు, రాయినే. రాయి సరిగ్గా లేకపోతే ఎంత మంచి సరుకుకైనా తూకం అబద్ధమే. నేను సరిగ్గా ఉన్నానండీ. ఒక్కరోజు మానలేదు, ఒక్క రక్తపరీక్ష ఎగ్గొట్టలేదు."

ముందు చప్పట్లు కొట్టింది తేజ. ఎల్లేశం లేచి వచ్చి ఆయన భుజం చుట్టూ చెయ్యి వేశాడు. వేసినవాడు ఊరుకోకుండా, సారుకు ఉప్పునీళ్లకే అంత నొప్పి వచ్చింది, అసలు మందు పడితే కాలనీ మొత్తానికి నిద్రుండకపోవు అన్నాడు. రుక్కమ్మ ఏడుస్తూనే నవ్వింది. ఆయన కూడా నవ్వారు. ఎల్లేశం జోకును ఆయన సరిదిద్దకుండా వదిలెయ్యడం నేను చూడటం అదే మొదటిసారి.

రెండో పరీక్షకు అందరికంటే ముందు సంతకం పెట్టింది ఆయనే. సూది వేసే రోజున, లోపలికి వెళ్లబోతున్న ఆయన్ను ఆపి, ఈసారి కూడా ఉప్పునీళ్లే పడితే ఏం చేస్తారండీ అని అడిగాను.

"పడనీవే," అన్నారు. "ఎవరో ఒకరు రాయి కావాలిగా. అలవాటున్నవాణ్ణి నేను."

అని చొక్కా చెయ్యి మడుచుకుంటూ లోపలికి వెళ్లారు. ముందు బేసిన్ దగ్గర ఆగి, వరసలో ఉన్నవాళ్ల మోచేతులు చూసి, ఇద్దర్ని వెనక్కి పంపారు.

బెంచీ మీద నా పక్కన ఒక కొత్తమ్మాయి కూర్చుంది. వాళ్ల నాన్నకు ఆ వారమే డయాలసిస్ మొదలైందట, కళ్లు వాచిపోయి ఉన్నాయి. అద్దంలోంచి మా ఆయన్ను చూపిస్తూ, ఆ పెద్దాయన ఇక్కడ ఆఫీసరా అండీ అని అడిగింది.

"పేషెంటేనమ్మా. మా ఆయన," అన్నాను, తలెత్తి. "పోయిన పరీక్షలో ఆయనకు పడింది ఉప్పునీళ్లు."